హాజరు పట్టీ

మా హాస్టల్లో రోజుకు రెండుసార్లు హాజరు పిలుస్తాను. పొద్దున ఆరున్నరకు ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా నాయనమ్మ వచ్చి నా దగ్గర నాలుగు రోజులు ఉంది. మొదటి రాత్రి నేను వరండాలో నిలబడి పేర్లు పిలుస్తున్నాను, పిల్లలు ‘ఎస్‌ మేడమ్‌’ అంటున్నారు. చూస్తే నాయనమ్మ స్తంభం చాటుకు వెళ్లి నిలబడింది. అన్నం తినేటప్పుడు ఎందుకని అడిగాను.

“మీ తాతను కూడా ఇట్టాగే పిలిచేవోళ్లు. పలక్కపోతే జవాను ఇంటికొచ్చేవోడు.”

“ఏం తప్పు చేశాడని?”

“ఏం చేయలా. ఎరుకలోడు గదా.”

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఏటా ఆగస్టు 31న మనం విముక్త దినం జరుపుకుంటున్నాం. ర్యాలీలు, డప్పులు, వాట్సాప్‌ స్టేటస్‌లు అన్నీ బాగానే ఉంటున్నాయి. దేని నుంచి విముక్తి అని అడిగితే మాత్రం మన పిల్లల్లో చాలామంది తలలు వంచుకుంటున్నారు. కొందరైతే “మనవాళ్లు పూర్వం దొంగతనాలు చేసేవాళ్లంట కదా మేడమ్‌” అని నన్నే అడుగుతున్నారు. ఆ ప్రశ్న కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. మన మీద ఆ ముద్ర తాతముత్తాతల కాలం నుంచి వచ్చింది కాదు. అది ఏ సంవత్సరంలో, ఏ కాగితం మీద పడిందో చెప్పవచ్చు.

1871 అక్టోబరు 12న బ్రిటిష్‌ ప్రభుత్వం క్రిమినల్‌ ట్రైబ్స్‌ చట్టం, అంటే నేరస్త తెగల చట్టం తెచ్చింది. మొదట అది ఉత్తర భారతానికే. ఇండియాలో వడ్రంగి కొడుకు వడ్రంగి, నేతగాడి కొడుకు నేతగాడు అవుతాడు కాబట్టి నేరం కూడా కులవృత్తే అయి ఉంటుందని వాళ్ల వాదన. 1911లో చట్టాన్ని మార్చి దేశమంతటికీ వర్తింపజేశారు. మన మద్రాసు ప్రెసిడెన్సీకి అది అప్పుడే వచ్చింది. ఎరుకలవారు, కొరచలు, యానాదుల్లో కొందరు, దాసరుల్లో కొందరు, ఒడ్డెరల్లో కొందరు వరసగా జాబితాలోకి ఎక్కారు. కొన్నిచోట్ల కులం పేరుకు ముందు ‘దొంగ’ అనే మాట చేర్చి మరీ రాశారు. సర్కారు కాగితంలో ‘దొంగ దాసరి’ అని రాస్తే, ఆ ఇంట్లో రేపు పుట్టబోయే బిడ్డకు కూడా ఆ మాట వర్తిస్తుంది.

చట్టంలో ఏముందో తెలుసుకోండి. ఒక తెగను నేరస్త తెగ అని ప్రభుత్వం ప్రకటిస్తే దాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించడానికి లేదు. రిజిస్టరులో పేరు ఎక్కినవాడు వేలిముద్రలు ఇవ్వాలి. చెప్పిన వేళకు వచ్చి కనబడాలి. ఊరు మారాలన్నా, రాత్రి ఇంట్లో లేకపోయినా ముందే తెలియజేయాలి. అనుమానాస్పదంగా కనిపించాడంటే చాలు, మూడేళ్ల దాకా జైలు. ఏమీ దొంగిలించకపోయినా సరే. కొన్ని రకాల నేరాల్లో రెండోసారి శిక్షపడితే ఏడేళ్లకు తక్కువ కాదు, మూడోసారి అయితే యావజ్జీవ ప్రవాసం. అదే నేరం చేసిన మరో కులంవాడికి ఈ లెక్క లేదు.

పక్కన తమిళ దేశంలో కళ్లర్లు దీన్ని ‘రేఖ చట్టం’ అన్నారు, వేలిముద్రల రేఖ. 1920 ఏప్రిల్‌లో మదురై దగ్గర పెరుంగామనల్లూరులో వేలిముద్రలు ఇవ్వం అని ఎదురుతిరిగితే పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా చనిపోయారు.

మన సంగతికి వస్తాను. మనలో శాఖల పేర్లు మీ ఇళ్లలో వినే ఉంటారు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు తప్ప మనం వాటిని పట్టించుకోం. ఒకసారి ఆ పేర్లనే చదవండి. ఉప్పు అమ్మినవాళ్లు, కరివేపాకు అమ్మినవాళ్లు, వెదురు దబ్బలతో బుట్టలు అల్లినవాళ్లు. మన పెద్దలు సముద్రం ఒడ్డున కొఠార్లలో ఉప్పు కొని, ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, ధాన్యానికి మార్చుకుని తిరిగి వచ్చేవాళ్లు. బండి పోని ఊళ్లకు కూడా ఉప్పు చేరిందంటే మనవాళ్ల కాళ్లే కారణం.

ఆ బతుకును ఎవరు చెడగొట్టారు? రైలు వచ్చింది, ఉప్పు వ్యాగన్లలో పోవడం మొదలైంది. ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసింది. 1876–78 కరువులో, రాయలసీమ పెద్దలు ధాత కరువు అనేదాంట్లో, మనుషులే లక్షల్లో పోయారు, ఎద్దులను ఎవరు బతికించగలరు! 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి మేతకు, వెదురుకు అడ్డం పడింది. అంటే ముప్పై నలభై ఏళ్లలో సరుకు పోయింది, పశువు పోయింది, అడవి పోయింది. ఊరూరా తిరిగే అలవాటు మాత్రం మిగిలింది. సరుకు ఉన్నప్పుడు తిరిగితే వ్యాపారి, సరుకు లేకుండా తిరిగితే అనుమానితుడు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ మన కొరవ, ఎరుకల వాళ్ల మీద 2001లో ఒక పుస్తకం రాశారు. ఈ వ్యాపారం ఎలా కూలిందో అందులో వివరంగా ఉంది. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు తప్పక చదవాలి.

ఆకలికి దొంగతనం చేసినవాళ్లు మనలో లేరని నేను అనను. అన్ని కులాల్లోనూ ఉన్నారు. కానీ మిగతా కులాల్లో దొంగ ఒక్కడు, మన దగ్గర దొంగ కులం. 1892లోనే ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని ‘నేర వర్గాల’ మీద పుస్తకం వేశాడు. ఎవరెవరు ఎలా ఉంటారు, ఏ వేషంలో తిరుగుతారు, ఏ పద్ధతిలో కన్నం వేస్తారు అని కులాలవారీగా పోలీసుల కోసం రాసింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు థర్‌స్టన్‌ అయితే మనుషుల తలలు, ముక్కులు కొలిచి, 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. బీఎడ్‌ చదివేటప్పుడు లైబ్రరీలో ఆ సంపుటం తీసి, మనవాళ్ల గురించి రాసింది చదివాను. ఆ సాయంత్రం మెస్సులో ముద్ద దిగలేదు.

ఇక సెటిల్మెంట్లు. బాపట్ల పక్కన స్టువర్టుపురం, కృష్ణ ఒడ్డున సీతానగరం, నెల్లూరు జిల్లాలో కావలి, కర్నూలు వైపు సిద్ధాపురం. స్టువర్టుపురం 1913–14 ప్రాంతంలో మొదలైంది. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్‌ స్టువర్ట్‌ పేరు పెట్టారు. నడిపింది సాల్వేషన్‌ ఆర్మీ. కావలి అమెరికన్‌ బాప్టిస్టు మిషన్‌ చేతిలో ఉండేది. సాల్వేషన్‌ ఆర్మీని ఇండియాలో నడిపించిన బూత్‌ టక్కర్‌ అనే ఆయన మనలాంటి వాళ్లకు ‘క్రిమ్‌’ అని ముద్దుపేరు పెట్టి, జబ్బు నయం చేసినట్టు నేరాన్ని నయం చేయడం ఎలాగో పుస్తకమే రాశాడు. స్టువర్టుపురం వాళ్లు చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయేవాళ్లు. పాస్‌ లేకుండా గేటు దాటడానికి లేదు. నాయనమ్మ ఆ పాస్‌ను ‘చీటీ’ అనేది. పక్క ఊళ్లో అక్క పురుటికి చీటీ అడిగితే రెండు రోజులకే ఇచ్చారని, మూడో రోజు బిడ్డ పుట్టిందని ఎన్నిసార్లు చెప్పిందో!

సెటిల్మెంట్ల గురించి ఒక్కమాటలో మంచి, చెడు తేల్చడం నాకు చేతకాదు. అక్కడ బడి ఉంది, ఆసుపత్రి ఉంది, కొందరికి పొలం వచ్చింది. మా కుటుంబంలో మొదట అక్షరాలు నేర్చింది అక్కడే. ఆ దొరసానులను దేవతల్లాగా తలచుకునే పెద్దవాళ్లను నేను చూశాను. కానీ అదే చట్టం పదిహేడో సెక్షను కింద పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి బళ్లలో పెట్టే అధికారం సర్కారుకు ఉంది. తల్లి దగ్గర పెరిగితే బిడ్డ దొంగ అవుతాడని వాళ్ల నమ్మకం. నేను హాస్టల్‌ వార్డెన్‌ని. జూన్‌ నెలలో పిల్లలను దింపి వెళ్లే తల్లులు గేటు దగ్గర ఏడుస్తుంటారు. వాళ్లు ఇష్టపడి దింపుతున్నారు, అది వేరే సంగతి అని నాకు తెలుసు. అయినా ఆ సెక్షను చదివిన తర్వాత ఆ గేటు దగ్గర నిలబడటం మునుపటిలా లేదు.

ఈ చట్టం దానంతట అది పోలేదు. నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం, ఎరుకలవారి కోసం ఏళ్ల తరబడి తిరిగారు. మద్రాసు రాష్ట్రం 1947లోనే రద్దు చేసింది. దేశమంతటా ఏం చేయాలో చూడమని 1949లో కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారు. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. నాయనమ్మకు ఆ తేదీ తెలియదు. “ఒక రోజు పేర్లు పిలవడం ఆపేశారు” అని మాత్రం తెలుసు.

ఆపేశారా అన్నది అసలు ప్రశ్న. మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు 1962లో అదే పేరుతో సొంత చట్టం వచ్చింది. కాగితం మీద అది కులాన్ని చూడదు, మనిషి శిక్షలను చూస్తుంది. పాత రిజిస్టర్లు చూసి పెరిగిన కళ్లు మాత్రం అవే. దానికి తోడు సినిమాలు. 1991లోనే ‘స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్‌’, ‘స్టువర్టుపురం దొంగలు’ రెండూ వచ్చాయి, 2023లో ‘టైగర్‌ నాగేశ్వరరావు’. ఆ ఊరి నుంచి టీచర్లు, ఉద్యోగస్తులు వచ్చారు. హేమలత లవణం గారు ఏళ్ల తరబడి అక్కడికి వెళ్లి ఆ కుటుంబాలతో పనిచేశారు. అవేవీ పోస్టరు మీదికి రావు.

మా చుట్టాల్లో ఒకబ్బాయి కానిస్టేబుల్‌, నాకు తమ్ముడి వరస. ఈ విషయం మీద మేమిద్దరం పండక్కి కలిసినప్పుడల్లా వాదించుకుంటాం. “అక్కా, రాత్రి స్టేషన్లో ఇద్దరమో ముగ్గురమో ఉంటాం. చోరీ జరిగితే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా. పాత కేసులు ఎవరి మీద ఉన్నాయో అక్కడే మొదలుపెడతాం. కులాన్ని చూసి కాదు, రికార్డు చూసి” అంటాడు. అతను చెడ్డవాడు కాదు. ప్రపంచంలో పోలీసులందరూ చెప్పేది దాదాపు ఇదే.

దానికి నేను నా హాస్టల్‌ లెక్క చెప్పాను. సబ్బులు పోతున్నాయని ఫిర్యాదు వస్తుంది. నేను మూడో నంబరు గదిలో పెట్టెలు మాత్రమే రోజూ వెతుకుతాను అనుకో. నెల తిరిగేసరికి పోయిన సబ్బుల్లో దొరికినవన్నీ మూడో నంబరు గదిలోనే దొరుకుతాయి. మిగతా గదుల్లో ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు, వెతకలేదు కాబట్టి. కానీ నా పుస్తకంలో మూడో గది దొంగల గది అని రుజువుతో సహా ఉంటుంది. వచ్చే ఏడు నా తర్వాత వచ్చే వార్డెన్‌ ఆ పుస్తకం చూసి అక్కడే మొదలుపెడుతుంది. నువ్వు చెప్పే రికార్డు ఇట్టా తయారైందే తమ్ముడూ అన్నాను.

ఇది మన ఒక్కరి గోల కాదని చెప్పడానికి దూరదేశం లెక్క ఒకటి చెబుతాను, ఎందుకంటే అక్కడ ఎవరిని ఆపారో రాసిపెట్టారు, మన దగ్గర అలాంటి లెక్క లేదు. అమెరికాలో న్యూయార్క్‌ పోలీసులు రోడ్డు మీద మనిషిని ఆపి సోదా చేసే పద్ధతిని పెద్ద ఎత్తున నడిపారు. 2004 జనవరి నుంచి 2012 జూన్‌ వరకు 44 లక్షల సార్లు ఆపారు. ఆ నగర జనాభాలో నల్లవాళ్లు, హిస్పానిక్‌లు కలిపి సగం చిల్లర. ఆపినవాళ్లలో మాత్రం 83 శాతం. ఆపిన ప్రతి 100 సార్లలో 88 సార్లు ఏ కేసూ లేక వదిలేశారు. ఆయుధం దొరికింది నల్లవాళ్లను ఆపినప్పుడు 1 శాతం, తెల్లవాళ్లను ఆపినప్పుడు 1.4 శాతం! 2013లో అక్కడి జడ్జి షైరా షెండ్లిన్‌ ఇది రాజ్యాంగ విరుద్ధం అని తీర్పు ఇచ్చింది. 2011లో 6,85,724 సార్లు ఆపితే, 2015 నాటికి అది 22 వేల చిల్లరకు పడిపోయింది. నేరాలు పెరుగుతాయని భయపెట్టారు, పెరగలేదు.

మన దగ్గర మతం పేరుతో జరిగింది కూడా గుర్తుంచుకోవాలి. 2007 మే 18న హైదరాబాద్‌ మక్కా మసీదులో పేలుడు జరిగింది. చనిపోయింది నమాజుకు వచ్చినవాళ్లు. తర్వాత పోలీసులు పట్టుకుపోయింది పాతబస్తీ ముస్లిం కుర్రవాళ్లను, పదుల సంఖ్యలో. వాళ్ల మీద కేసులు నిలవలేదు. ప్రభుత్వం కొన్నేళ్ల తర్వాత వాళ్లకు పరిహారం, మంచి నడవడి ఉందని సర్టిఫికెట్లు ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. నేను ఆలోచించేది ఆ సర్టిఫికెట్‌ గురించి. నేరం చేయని కుర్రవాడు, నేను మంచివాడిని అని కాగితం జేబులో పెట్టుకు తిరగాలా? మన తాతల చీటీకీ దీనికీ ఎంత తేడా ఉంది?

ఇప్పుడు నా సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

కొన్నేళ్ల కిందట ఒక పట్టణంలో బాలుర హాస్టల్‌కు ఇన్‌చార్జిగా ఉన్నాను, ఇంటర్‌ పిల్లలు. పక్క వీధిలో సెల్‌ఫోన్ల షాపులో చోరీ జరిగింది. రాత్రి పదింటికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. “మేడమ్‌, మీ దగ్గర ఎరుకల పిల్లలు ఎంతమంది ఉన్నారు?” అని అడిగారు. మర్యాదగానే అడిగారు. స్కాలర్‌షిప్‌ కోసం మా రిజిస్టరులో కులం గడి ఉంటుంది. నేను బీరువా తెరిచి, రిజిస్టరు తీసి, వేలు పెట్టి చూసుకుంటూ నాలుగు పేర్లు చదివాను. నేను కూడా ఎరుకల అమ్మాయినే అని వాళ్లకు తెలియదు. చెప్పలేదు.

నలుగురినీ తీసుకెళ్లారు. ముగ్గురికి పద్దెనిమిది నిండలేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా స్టేషన్‌ వరండాలో కూర్చోబెట్టారు. కొట్టలేదు. వేలిముద్రలు తీసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. వారం తర్వాత తెలిసింది, ఫోన్లు తీసింది ఆ షాపులో పనిచేసే కుర్రవాడే. ఎవరూ వచ్చి మాకు ఆ మాట చెప్పలేదు. నలుగురిలో ఒకడు, ఎంపీసీ చదివేవాడు, బాగా చదివేవాడు, ఆదివారం ఊరికి వెళ్లి మళ్లీ రాలేదు. తోటి పిల్లలు అతన్ని ఏమన్నారో నాకు తర్వాత తెలిసింది.

1998లో పశ్చిమ బెంగాల్‌ పురూలియా జిల్లాలో బుధన్‌ సబర్‌ అనే యువకుడిని దొంగతనం అనుమానంతో పట్టుకెళ్లారు. అతను కస్టడీలో చనిపోయాడు. ఖేరియా సబర్‌లది కూడా మనలాగే పాత జాబితాలో ఉన్న తెగ. మహాశ్వేతాదేవి గారు, సబర్ల సంఘం హైకోర్టుకు వెళ్లి సీబీఐ విచారణ, పరిహారం సాధించారు. నా నలుగురు పిల్లలు నడిచి తిరిగి వచ్చారు. నేను తృప్తి పడాలేమో తెలియదు.

2024లో సుప్రీంకోర్టు రెండు మంచి మాటలు చెప్పింది. మే నెలలో, వెనుకబడిన కులాలు, ఎస్సీ, ఎస్టీ పిల్లల మీద ఆధారం లేకుండా హిస్టరీ షీట్లు తెరుస్తున్నారని, రాష్ట్రాలు సరిచూసుకోవాలని చెప్పింది. అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో, జైలు మాన్యువళ్లలో విముక్త జాతులను అలవాటు నేరస్తుల కింద కట్టే మాటలు చెల్లవని, మనవాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదని తీర్పు ఇచ్చింది. 1952 తర్వాత 72 ఏళ్లకు కూడా ఆ మాటలు ఆ పుస్తకాల్లో ఉన్నాయన్నమాట.

ఆ రాత్రి నాకు తెలియనివి, తర్వాత నేర్చుకున్నవి మీకు చెబుతాను. పద్దెనిమిది నిండని పిల్లవాడిని లాకప్‌లో పెట్టకూడదు, పిల్లల బాధ్యత చూసే పోలీసు అధికారి ఉంటారు, ఆయన మాట్లాడాలి. ఆడవాళ్లను సాక్ష్యం పేరుతో స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అరెస్టు అవసరం లేని కేసులో రమ్మనాలంటే రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 15100 నంబరు. ఇవి గొడవ పడటానికి కాదు. నిలబడి, నెమ్మదిగా, “సార్‌, నోటీసు ఉందా?” అని అడగడానికి. పోయిన ఏడు ఇంకో ఊళ్లో మళ్లీ అదే ప్రశ్నతో ఒకాయన వచ్చాడు. రాసి ఇవ్వండి, మా జిల్లా అధికారికి పంపి జవాబు ఇస్తాను అన్నాను. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. చేతులు వణికాయి, అబద్ధం ఎందుకు!

ఈ వ్యాసం పంపే ముందు ఆ ఎంపీసీ అబ్బాయికి ఫోన్‌ చేశాను. నంబరు దొరకడానికి ముగ్గురిని అడగాల్సి వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో పార్సిళ్లు ఇచ్చే పని చేస్తున్నాడు. జరిగింది రాస్తున్నాను, నీకు అభ్యంతరమా అని అడిగాను. “రాయండి మేడమ్‌, నా పేరు వద్దు” అన్నాడు. ఆ రోజు పేర్లు చదివింది నేనే అని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. వెనక బండ్ల హారన్లు వినిపిస్తున్నాయి. తర్వాత, “నా పెట్టె ఉందా మేడమ్‌ ఇంకా?” అని అడిగాడు.

ఉంది. రేకు పెట్టె, మూత మీద తెల్ల రంగుతో నంబరు. రెండు బదిలీల్లోనూ నా సామానుతో పాటు తెచ్చుకున్నాను. లోపల ఫిజిక్స్‌ రికార్డు, ఒక దుప్పటి, స్టీలు గ్లాసు ఉన్నాయి. సంక్రాంతికి ఊరికి వెళ్లేటప్పుడు వచ్చి తీసుకెళ్తానన్నాడు.